తొట్టి పక్కలు విచ్చుకుంటుంటే ఇనుము ఎక్కడ వేయాలి?

ప్రశ్న: అన్నగారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. అయిదేళ్ళు నడిచిన పికప్ బండిని కొని రెండేళ్ళయింది. వానాకాలం పంటలో పత్తి, యాసంగిలో మక్కలు, వడ్లు ఎనుమాముల మార్కెట్‌కు కిరాయికి తోలుతాను. తొట్టి పొడవు ఎనిమిది అడుగుల పైచిలుకు, పక్కల ఎత్తు అడుగున్నర. ఎక్కువ పట్టాలని పక్కల మీద ఇంకో అడుగున్నర చెక్కలు బిగించాను. ఈ యాసంగిలో మక్కలు విడిగా పోసి తోలాక రెండు పక్కలూ మధ్యలో పొట్టలా బయటికి వచ్చాయి. లోడు ఉన్నప్పుడు వెనక డోరు కొక్కెం అంగుళం దూరంలో ఆగిపోతోంది. నైలాన్ తాడు కట్టి నడుపుతున్నాను. ఒక వెల్డర్ చుట్టూ ఫ్లాట్ పట్టీ వేస్తే చాలంటాడు. ఇంకొకాయన రేకు మొత్తం తీసేసి 5 మిల్లీమీటర్ల ప్లేటుతో కొత్త తొట్టి కట్టాలంటాడు. మూడో ఆయన పక్క నుంచి పక్కకు పైపు పెట్టి వెల్డింగ్ చేసేద్దాం అంటాడు. బండి పని అయిపోయింది, అమ్మేయమని నాన్న అంటున్నారు. పత్తి మొదలయ్యేలోపు ఏదో ఒకటి చేయాలి. ఏది చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, ఇనుము గురించి మాట్లాడే ముందు ఒక పని చేయండి. ఈ రోజు నుంచి ఆ బండిలో గింజలు విడిగా పోయకండి. ఏదైనా తోలక తప్పకపోతే బస్తాల్లో తోలండి, అదీ పక్క రేకు ఎత్తు దాటకుండా. కొక్కెం అందని డోరును తాడు మాత్రమే పట్టుకుని ఉందంటే, దాని వెనక వచ్చే మోటారు సైకిల్ మనిషి ప్రాణం ఆ తాడు మీద ఉన్నట్టే. ముప్ఫై ఏళ్ళకు పైగా తొట్లు కట్టి, విరిగినవి అతికి బతికినవాడిని. ఇసుక లోడుతో వచ్చిన ఒక ట్రాక్టర్ ట్రాలీ పక్క డోరు గొళ్ళెం తీసిన కూలీ భుజం విరగడం నా కళ్ళతో చూశాను. అతను డోరుకు ఎదురుగా నిలబడి గొళ్ళెం మీద సుత్తితో కొట్టాడు. పొట్ట ఉబ్బిన పక్క వంగిన విల్లులాంటిది. వదిలిన క్షణంలో దెబ్బ తీస్తుంది. మీ మనుషులకు ఈ సంగతి చెప్పండి: గొళ్ళెం తీసేవాడు డోరు కొస దగ్గర, పక్కకు నిలబడాలి. ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ ఇనుము ఎంత వేయాలో చెప్పారు. తొట్టి ఎక్కడ లొంగుతోందో ముగ్గురిలో ఒక్కరూ కొలిచినట్టు లేదు. అది తెలియకుండా ఎంత ఇనుము వేసినా లొంగే చోటు లొంగుతూనే ఉంటుంది. పైగా వేసిన ఇనుము బరువంతా మీ కిరాయిలోంచి పోతుంది.

పక్కల మీద పడే తోపుడు ఎలా పెరుగుతుందో మొదట చూడండి. మీరు పాకాల చెరువు కట్ట మీద నడిచే ఉంటారు. గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో కట్టింది. కట్ట అడుగున ఎంత వెడల్పు, పైన ఎంత సన్నం! లోతు పెరిగే కొద్దీ నీటి తోపుడు పెరుగుతుంది కాబట్టి కట్టకు బలమంతా అడుగున పెట్టారు. విడిగా పోసిన గింజలు కూడా నీళ్ళలాగే పక్కలను తోస్తాయి. నీటంత గట్టిగా కాదు, దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా. కానీ లెక్క నడిచే తీరు ఒకటే. గింజల ఎత్తు రెట్టింపయితే పక్క మీద పడే మొత్తం తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. పక్కను అడుగు నుంచి బయటికి వంచే బలం ఎనిమిదింతలవుతుంది.

మీ తొట్టికే లెక్క కడదాం. పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుందాం. ఘనపు మీటరు మొక్కజొన్న సుమారు 720 కిలోలు తూగుతుంది. మీ పాత పక్కల అంచు దాకా సమంగా పోస్తే దాదాపు 1,380 కిలోలు. అప్పుడు ఒక్కో పక్క మీద మొత్తం తోపుడు 70 కిలోలకు అటూ ఇటూ. ఇప్పుడు మీరు చెక్కలు వేసి ఎత్తును 90 సెంటీమీటర్లు చేశారు. నిండా పోస్తే లోడు 2,750 కిలోలు, పక్క మీద తోపుడు 290 కిలోలు. ఇది బండి నిలిచి ఉన్నప్పటి లెక్క. గుంతలో పడినప్పుడు, చెరువు కట్ట మలుపులో తిరిగినప్పుడు ఇంకా పెరుగుతుంది. తయారుచేసినవాళ్ళు పక్కకు అడుగున్నర ఎత్తు ఇచ్చింది రేకు పొదుపు కోసమని చాలామంది అనుకుంటారు. బండి మోయగల బరువుకు గింజలు అంత ఎత్తులోనే సరిపోతాయి కాబట్టి అంతే ఇచ్చారు. మీ ఆర్సీ తీసి చూడండి. లోడుతో కలిపి మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ అందులో ఉంటాయి. మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే మీరు తోలదగిన బరువు వస్తుంది. ఈ తరగతి బండ్లలో అది 1,300 కిలోలు కావచ్చు, 1,700 కావచ్చు. 2,750 మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

వడ్లు కొంచెం తేలిక, ఘనపు మీటరుకు 580 కిలోల వరకు. అందుకే వడ్లు పాత పక్కల అంచు దాకా పోసినా సుమారు 1,100 కిలోలే, ఇబ్బంది ఉండదు. ఇసుక మాత్రం 1,600 పైమాటే. 1,300 కిలోలు తోలదగిన బండిలో ఇసుకను ఏడంగుళాల ఎత్తుకు మించి పోయకూడదు. తొట్టి సగం కూడా నిండలేదే అనిపించినా లోడు నిండినట్టే.

అందువల్ల నా మొదటి సలహా ఖర్చు లేనిది: మొక్కజొన్నకు ఆ చెక్కలు విప్పేయండి. పత్తికి మళ్ళీ బిగించుకోవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక కొలతలు. బండిని సమంగా ఉన్న చోట ఖాళీగా నిలబెట్టి, వెనక డోరు మూయండి. టేపుతో లోపలి వెడల్పును మూడు చోట్ల కొలవండి: క్యాబిన్ దగ్గర, మధ్యలో, వెనక. ఒక్కో చోట రెండేసి కొలతలు తీయాలి, ఒకటి అడుగున, ఒకటి పై అంచున. ఆరు అంకెలూ కాగితం మీద రాసుకోండి. తర్వాత పక్క పొడవునా పై అంచుకు దారం లాగి కట్టి, మధ్యలో రేకు దారానికి ఎంత దూరం పోయిందో చూడండి.

అడుగు కొలతలు మూడూ సమానంగా ఉండి, పైన మధ్యలో మాత్రమే పెరిగితే, కొసలకున్న గుంజలు, అంటే పక్కలను నిలబెట్టే నిలువు ఇనుప కంబాలు, బాగానే ఉన్నాయి, వాటి మధ్య పలక (పక్క రేకు) వంగింది. మధ్య గుంజ కూడా పలకతో పాటు బయటికి ఒరిగి ఉంటే, దాని కాలు వదులైంది. వెనక రెండు గుంజల మధ్య పైన ఎక్కువ, అడుగున తక్కువ ఉంటే వెనక గుంజల పాదాలు పోయాయి. అడుగు కొలతే పెరిగిందంటే కింద నేల రేకుకూ, దాన్ని మోసే అడ్డ దూలాలకూ మధ్య అతుకు తెగింది. అది అన్నిటికన్నా పెద్ద జబ్బు, అలాంటప్పుడు పైన ఎంత చేసినా నిలవదు. నా అనుభవంలో మీలాంటి బండ్లలో ఎక్కువగా కనిపించేది రెండోది, మూడోది. పొట్ట పలకలో కనిపిస్తుంది కాబట్టి అందరూ పలక మీద పడతారు. రోగం గుంజ కాలిలో ఉంటుంది.

గుంజ కాలు చూడాలంటే బండి కిందికి దూరాలి. మట్టి, గ్రీజు గీకి శుభ్రం చేసి, గుంజ అడ్డ దూలానికి అతికిన చోట కిరోసిన్ రాయండి. కాసేపయ్యాక పొడిగా తుడిచేసి, సుద్దముక్క పొడి అద్దండి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్ద మీద సన్నని తడి గీత గీస్తుంది. కంటికి కనిపించని పగుళ్ళు ఇలా దొరుకుతాయి. దొరికిన పగులు మీద నేరుగా వెల్డింగ్ పోయనివ్వకండి. పగులు కొస ఎక్కడుందో చూసి అక్కడ 5 లేదా 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయించాలి, లేకపోతే అది వెల్డింగ్ పక్కనుంచి ఇంకా ముందుకు పాకుతుంది. రంధ్రం వేశాక పగులును గ్రైండర్‌తో గాడిలా తీసి నింపాలి.

ఇదే సమయంలో మీ నాన్నగారి అనుమానం కూడా తీర్చేయవచ్చు. క్యాబిన్ వెనక గోడకూ తొట్టి ముందు గోడకూ మధ్య సందు రెండు వైపులా, పైనా కిందా ఒకేలా ఉందా చూడండి. చాసిస్ పొడవు పట్టీల మీద, కమాన్ పట్టీలు (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) వేలాడే బ్రాకెట్ల దగ్గర అదే కిరోసిన్ పరీక్ష చేయండి. సందు సమంగా ఉండి, చాసిస్ మీద గీత రాకపోతే బండి ప్రాణం గట్టిదే. తొట్టి బాగు చేసుకుంటే సరిపోతుంది. చాసిస్ పగిలి ఉంటే మాత్రం నాన్నగారి మాట వినండి. పెద్దాయన ఊరికే అని ఉండరు, రోజూ బండి చప్పుడు వింటున్న మనిషి.

ఇప్పుడు ముగ్గురి సలహాలు.

చుట్టూ ఫ్లాట్ పట్టీ అన్నాయన సలహా చవక, కానీ పనికి రాదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని రేకుకు ఆనించి పడుకోబెట్టి అతికారనుకోండి. రేకు బయటికి వంగుతుంటే పట్టీ కూడా దానితో పాటు వంగుతుంది, ఎందుకంటే ఆ దిక్కులో దాని మందం 5 మిల్లీమీటర్లే. అదే పట్టీని అంచు మీద నిలబెట్టి, 40 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చేలా అతికితే, అదే ఇనుము, అదే బరువు, వంగకుండా నిలిచే బిగువు 64 రెట్లు. స్కేలును మీ చేతిలో పట్టుకుని చూడండి, పడుకోబెట్టి వంచడానికీ నిలబెట్టి వంచడానికీ ఎంత తేడానో. ఇక 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందంది తీసుకుంటే, పడుకోబెట్టిన పట్టీ కన్నా 170 రెట్లకు పైగా బిగువు వస్తుంది, బరువు మీటరుకు రెండున్నర కిలోల లోపే. పై అంచుకు నేను కోరేది ఆ పైపే.

5 మిల్లీమీటర్ల ప్లేటుతో కొత్త తొట్టి అన్నాయన మాట వినకండి. చదరపు మీటరు 5 మిల్లీమీటర్ల ప్లేటు 39 కిలోలు ఉంటుంది. మీ రెండు పక్కలూ, వెనక డోరూ కలిపి మూడు చదరపు మీటర్లు, అంటే ప్లేటే దాదాపు 120 కిలోలు. నేల కూడా మారిస్తే ఇంకో 165. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల వడ్ల బస్తా లెక్కన ఏడు బస్తాల బరువును తిరిగినన్నాళ్ళూ మోస్తారు, పాత రేకు బరువు పోను మిగతాదంతా ఊరికే. ఖాళీగా వచ్చేటప్పుడు కూడా మోస్తారు. డీజిల్ మీదే, టైర్లు మీవే. ఇంతా చేసి గుంజ కాలు వదులుగానే ఉంటే, ఆ బరువైన పక్క తన బరువుకు తానే ఒరుగుతుంది.

మూడో ఆయన చెప్పిన అడ్డ పైపులో ఆలోచన సరైనది, చేసే పద్ధతి తప్పు. పక్కలు ఒకదాని నుంచి ఒకటి దూరంగా పోవాలని చూస్తున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి పట్టించడం కన్నా సహజమైన మందు లేదు. గుంజ ఒక్కటే నిలబడి ఆపాలంటే దాని పాదం మీద భయంకరమైన బరువు పడుతుంది. మీ చెక్కల ఎత్తు దాకా మొక్కజొన్న ఉండి, పక్క మీద పడే బలంలో సగం మధ్య గుంజ మోస్తుందనుకుందాం. పాదంలో రెండు బోల్టులు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో బోల్టు మీద 440 కిలోల లాగు పడుతుంది. చాలా బండ్లలో ఉన్నట్టు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే 1,100 కిలోలు. అదే బలాన్ని గుంజ తల దగ్గర ఎదుటి పక్కకు కట్టిన గొలుసుతో ఆపితే గొలుసు మీద పడేది 50 కిలోల లాగు. 10 మిల్లీమీటర్ల మామూలు ఇనుప కడ్డీ 600 కిలోలను నిశ్చింతగా లాగి పట్టుకుంటుంది. అంటే చిటికెన వేలంత కడ్డీ చేసే పనిని, అది లేకపోతే గుంజ పాదం దాని ఎన్నో రెట్లు కష్టపడి చేయాలి.

అయితే ఆ పైపును వెల్డింగ్ చేసి శాశ్వతంగా ఉంచితే హమాలీలు ప్రతి బస్తాతోనూ దానికి తగులుకుంటారు, తలలు పగులుతాయి. పక్క డోరు కూడా దించలేరు. కాబట్టి విప్పి వేసుకునేలా చేయించండి. మధ్య గుంజల తలల దగ్గర రెండు వైపులా కన్నాలు వేసి, వాటిలోంచి కడ్డీ లేదా గొలుసు కొస బయటికి వచ్చేలా, బయట నట్టుతో గానీ బిగింపు స్క్రూతో గానీ బిగించేలా ఉండాలి. బయటినుంచి విప్పగలగడం ముఖ్యం. లోపల కొక్కెం పెడితే గింజల్లో కూరుకుపోతుంది. ఇంకో సంగతి, గొలుసు లోడు పైన ఉండాలి. గింజల్లో పూడుకుపోతే, బండి కదిలే కొద్దీ గింజలు కిందికి సర్దుకుంటూ గొలుసును నొక్కుతాయి. అప్పుడు దాని మీద లాగు లెక్కకు మించి పెరిగి, కన్నాల దగ్గర రేకు చిరుగుతుంది.

మీ నైలాన్ తాడు ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే చెప్పాలి. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరీ సాగుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, మీరు దాన్ని ఎక్కడ కట్టారు? చాలామంది లోడు మీదుగా వేసి, తొట్టి అడుగు కొక్కేలకు బిగిస్తారు. అలా కట్టిన తాడు లోడును కిందికి నొక్కుతుంది. నొక్కిన గింజలు పక్కకే జరగాలి. అంటే బిగించిన కొద్దీ పక్కలు ఇంకా బయటికి పోతాయి. పరదా ఎగిరిపోకుండా అలా కట్టుకోవచ్చు. పక్కలు పట్టుకోవడానికి మాత్రం అంచు నుంచి అంచుకే కట్టాలి.

గొలుసు ఉంది కదా అని గుంజ కాలును వదిలేయకండి. ఎవరో ఒక రోజు గొలుసు వేయడం మరిచిపోతారు. కాజీపేట మీదుగా సింగరేణి బొగ్గు మోసుకెళ్ళే రైలు వ్యాగన్లను ఒకసారి గమనించండి. పక్క రేకులకు బయటి వైపు వరసగా నిలువు పట్టీలు కనిపిస్తాయి, పై అంచున మందమైన దండె ఉంటుంది. ఆ నిలువు పట్టీలన్నీ కిందికి దిగి అడుగు చట్రంలో నాటుకుని ఉంటాయి. మన పల్లెల్లో ఎడ్లబండికి నాటే గూటాలు కూడా అంతే, బలం నాటిన చోట ఉంటుంది. మీ మధ్య గుంజను కూడా నేల రేకుకు అతికి ఊరుకోకుండా, రేకును దాటి కిందికి దింపి అడ్డ దూలం కొసకు పట్టించాలి. పైన ఒక బోల్టు, దానికి కనీసం పది సెంటీమీటర్ల కింద ఇంకో బోల్టు. దూలం అంత లోతు లేకపోతే, గుంజ కొస నుంచి దూలం అడుగుకు ఏటవాలుగా త్రికోణపు ప్లేటు వేయించండి. 5 మిల్లీమీటర్ల ప్లేటు కావాల్సింది ఇక్కడ, అరచేతంత ముక్క చాలు.

మధ్య గుంజ గట్టిపడితే పలక పొట్ట దానంతట అదే తగ్గుతుంది. కొస నుంచి కొసకు రెండున్నర మీటర్లు ఒకే బిగిన నిలవాల్సిన పలకకు మధ్యలో గట్టి ఆధారం దొరికితే, ఒక్కో సగం వంగే వంపు మునుపటిలో పదహారో వంతుకు పడిపోతుంది. దీనికి పై అంచు పైపు తోడైతే పలకకు ఇంకేమీ అక్కర్లేదు. మీ పలక డోరులా కిందికి దిగే రకం అయితే, పైపును గుంజ దగ్గర తెంచి, రెండు ముక్కలుగా వేయండి. కింది బందుల మేకులు అరిగి ఉంటే అవి కూడా ఇప్పుడే మార్చేయండి.

ఉబ్బిన పలకను ముందు సరిచేసి, ఆ తర్వాతే పైపు అతకాలి. గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సుత్తితో కొడదామంటే ఒప్పుకోకండి, పల్చని రేకు ముడతలు పడి ఇక ఎప్పటికీ సమం కాదు. రెండు పక్కలకూ దళసరి కర్రలు ఆనించి, వాటిని చైన్ బ్లాకుతో (బరువులు లాగే గొలుసు కప్పీతో) మెల్లగా లోపలికి లాగాలి. దారానికి సరిపోయాక ఇంకో అంగుళం లోపలికి పోనివ్వాలి, వదిలితే కొంత వెనక్కి వస్తుంది. వదిలి చూసి, చాలకపోతే మళ్ళీ లాగాలి. సరయ్యాక బిగింపు అలాగే ఉంచి పైపు అతికించండి. అతుకు ఏకధాటిగా పోస్తే వేడికి రేకు మెలితిరుగుతుంది. అంగుళం పొడవు అతుకు, నాలుగంగుళాల ఖాళీ, మళ్ళీ అంగుళం, అదీ ఒక కొస నుంచి వరసగా కాకుండా అటొకటి ఇటొకటి. వెల్డర్‌కు విసుగొస్తుంది. పక్కనే ఉండి చేయించుకోండి.

వెనక వైపు గురించి వేరుగా చెప్పాలి, మీ కొక్కెం అందనిది అక్కడే కదా. ముందు గుంజలకు క్యాబిన్ వైపు గోడ ఉంది, అవి ఎటూ పోవు. వెనక గుంజలను కలిపి పట్టుకునేది వెనక డోరు ఒక్కటే. లోడు ఉండగా డోరు దించారంటే ఆ రెండు గుంజలకు అండ పోతుంది. సరిగ్గా అప్పుడే విచ్చుకుంటాయి. మార్కెట్‌లో డోరు దించేసి గంటల తరబడి కాంటా కోసం ఆగుతారు చూడండి, వెనక గుంజలు చెడేది ఆ గంటల్లోనే. వెనక గుంజల తలలకు ఒక గొలుసు పెట్టించండి. డోరు దించే ముందు గొలుసు వేయాలి, సగం లోడు దిగాక తీయాలి. వెనక గుంజల పాదాలకు కూడా మధ్య గుంజకు చెప్పిన త్రికోణపు ప్లేటే. ఇవన్నీ అయ్యాక కొక్కెం దానంతట అదే అందుతుంది. కొక్కేన్ని సాగదీసి అందేలా చేయిస్తామంటే వద్దనండి. కొక్కేనికి పడకుండా ఉండే పిన్ను మాత్రం వేయించండి.

వెల్డింగ్ జాగ్రత్తల్లో రెండు వదలరానివి. చాసిస్ పొడవు పట్టీల మీద వెల్డింగ్ ఒక్క చుక్క కూడా పడకూడదు. వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారి, కొన్ని నెలలకు అక్కడినుంచే పగులు మొదలవుతుంది. తొట్టి చాసిస్‌కు యూ బోల్టులతోనే పట్టి ఉండాలి, పని అంతా తొట్టి అడ్డ దూలాల దగ్గర ఆగిపోవాలి. రెండోది, వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పించండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే ఇది మరీ ముఖ్యం, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె కాలిపోతే తొట్టి ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు. ఎర్తు క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి జానెడు దూరంలోనే ఉండాలి. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఉన్న వైపు తడి గోనె కప్పి, పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. రంగు, తుప్పు పనులు మీకు తెలిసినవే. యూరియా బస్తాలు తోలిన రోజు మాత్రం తొట్టి మూలలు నీళ్ళతో కడగండి, అది ఇనుమును తినేసే సరుకు.

ఇప్పుడు పత్తి. పత్తి తేలిక కాబట్టి ఎత్తు కావాలి, అది న్యాయమే. చెక్కలకు బదులు సన్నని పైపుతో చట్రం కట్టి జాలీ బిగించిన పై పక్కలు చేయించుకోండి. గుంజల బోలులో దిగి పిన్నుతో ఆగేలా ఉంటే మొక్కజొన్న రోజున రెండు నిమిషాల్లో తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. పత్తి తనంతట తాను పక్కలను పెద్దగా తోయదు. మనుషులు పైకెక్కి తొక్కుతారే, అప్పుడు తోస్తుంది. ఒక్కో మడమ చీల దిగ్గొట్టినట్టు పత్తిని పక్కకు నెడుతుంది. తొక్కేవాళ్ళను మధ్యలోనే తొక్కమనండి, అంచుల వెంట వద్దు. ఆ జాలీ తలల దగ్గర కూడా ఒక అడ్డ గొలుసు ఉండాలి. నిండాక పత్తి మీద ఏరేవాళ్ళను ఎక్కించుకుని రాకండి. మీరు ఎక్కించుకుంటారని కాదు, సాయంత్రం అయ్యేసరికి అడిగేవాళ్ళు ఉంటారు, ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు, కాదనడం కష్టం. అయినా కాదనండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. పాడైన గుంజ, పలక పాత కొలతల్లో బాగు చేసుకోవడం మరమ్మతు. తొట్టి కొలతలు ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. జాలీ పక్కలు చేయించే ముందు ఆర్టీఏ కార్యాలయంలో ఒక మాట అడగండి. 2019లో సవరించిన 194వ సెక్షన్ ప్రకారం అనుమతికి మించిన బరువుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా. సరుకు తొట్టి పక్కలు దాటి బయటికి వచ్చినా, ఎత్తు హద్దు దాటినా 20,000. ఒక్కసారి పట్టుబడితే నేను పైన చెప్పిన పనికయ్యే ఇనుము డబ్బులు పోతాయి.

ఇనుము ఎంత పడుతుందో కూడా చెబుతాను, షాపుకు వెళ్ళినప్పుడు మీకు పనికొస్తుంది. పై అంచులకు పైపు రెండు వైపులా కలిపి అయిదు మీటర్లు, 12 కిలోలు. మధ్య గుంజలు రెండూ కొత్తవి వేస్తే, వాటి పాదాలు, నాలుగు త్రికోణపు ప్లేట్లు, అడ్డ కడ్డీ, వెనక గొలుసు, బోల్టులు అన్నీ కలిపి ఇంకో 20 కిలోలు. మొత్తం ఒక వడ్ల బస్తా బరువు కూడా లేదు. ఆటోనగర్‌లో ఎవరి దగ్గర చేయించినా రెండు రోజుల పని. మొదటి రోజు లాగి సరిచేయడం, రెండో రోజు అతుకులు. ఒక్క పూటలో ముగిస్తానన్నవాడు లాగి సరిచేసే పని ఎగ్గొడతాడని అర్థం.

పని అయ్యాక మొదటి లోడు బస్తాలతో వేయండి, ఇటుకలు పేర్చినట్టు ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. అలా పేర్చిన బస్తాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పక్కల మీద బరువు తక్కువ పడుతుంది. నాలుగు ట్రిప్పులు తిరిగాక ఖాళీ బండిలో ఆ ఆరు కొలతలు మళ్ళీ తీయండి. పాత కాగితం పక్కన పెట్టి చూడండి. పై కొలతల్లో ఎక్కడైనా అర అంగుళం పెరిగితే ఆ గుంజ బోల్టులు మళ్ళీ బిగించి, నెల తర్వాత ఇంకోసారి కొలవండి. అడుగు కొలత పెరిగితే మాత్రం బండి ఆపి నాకు రాయండి. రాసేటప్పుడు అడ్డ దూలాలు ఎన్ని ఉన్నాయో, వాటి లోతు ఎన్ని అంగుళాలో కూడా రాయడం మరవకండి.